యూరియా సంచి మీద ప్రమాణం

మల్లీశ్వరి తోటలో చీనీ ఆకులు ముడుచుకోవడం మొదలై వారం దాటింది. చీనీ, అదే బత్తాయి చెట్టు, దాహాన్ని దాచుకోలేదు. ముందు ఆకు దోసిలి పట్టినట్టు ముడుచుకుంటుంది, ఆపైన కాయ మెత్తబడుతుంది, చివరికి గాలి లేకపోయినా రాలి పడుతుంది. రాలిన కాయలను ఆమె రోజూ ఏరి గట్టు మీద కుప్ప పోసేది. ఆ కుప్పను చూడబుద్ధి కాక ఇప్పుడు ఏరడమే మానేసింది. కాయ పోతే పోయింది, చెట్టు బతికితే చాలు అనుకునే స్థితికి వచ్చేసింది.

ఆ చెట్ల మీదనే ఆమె కాపురం ఆధారపడి ఉంది. మాటవరసకు అంటున్నది కాదు. ముదిగుబ్బ చుట్టుపక్కల బోరు వేయడమంటే భూమిని అడుక్కోవడమే. మొదటి బోరులో దుమ్ము లేచింది. రెండో బోరులో ఇంకాస్త లోతు నుంచి దుమ్ము లేచింది. నాలుగోదానిలో నీళ్ళు పడేసరికి ఆమె మొగుడు బసప్ప దగ్గర ఆ నీళ్ళు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అందుకే గల్ఫ్ పోయాడు. ముందు కువైట్, అక్కణ్ణించి పక్క దేశంలో ఉన్న బస్రా పట్నం. అతను పోయేటప్పుడు మొక్కలు మోకాటి ఎత్తు. ఇప్పుడు మనిషి ఎత్తు దాటి మొదటి నిండు కాపు మీద ఉన్నాయి.

"ఈ కాపు దిగినాక వచ్చేస్తా మల్లీ. మళ్ళ పోను," అన్నాడు ఉగాదికి ఫోన్‌లో.

తోట ఎండితే అతను రాడు. వచ్చి చేసేదేముంది?

బస్రాలో బసప్ప చేసే పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. కాళ్ళ కింద నూనె సముద్రమంత ఉన్న దేశం అది. అక్కడ ఎండాకాలం వస్తే ఇళ్ళలో ఫ్యాను తిరగదు. సర్కారు కరెంటు ఒక పూట వస్తే ఇంకో పూట రాదు. ఇచ్చుకోలేని సర్కారు వీధికో డీజిల్ జనరేటర్ పెట్టుకోమంది. ఇన్ని గంటలు తిప్పాలి, ఇంతకే అమ్మాలి అని ఒక మాట చెప్పి, మిగతాదంతా జనరేటర్ ఓనర్లకు వదిలేసింది. అలాంటి ఒక ఓనరు కింద బసప్ప పని చేస్తున్నాడు. వీధిలో ప్రతి ఇంటికీ ఒక వైరు, ప్రతి వైరుకూ ఒక చిన్న బ్రేకర్. అవన్నీ ఉన్న ఇనప పెట్టె ముందు పగలంతా కూర్చోవాలి. ఏ ఇంటివాళ్ళయినా ఒప్పుకున్నదానికంటే ఎక్కువ లాగితే వాళ్ళ బ్రేకర్ పడిపోతుంది. వాళ్ళ ఇల్లొక్కటే ఆరిపోతుంది, వీధికేమీ కాదు.

"బాగానే ఉండాది కదా," అంది మల్లీశ్వరి ఒకసారి.

"బాగుండాది. పెట్టె ఎవని చేతిలో ఉంటాదో వానికి బాగుండాది," అన్నాడు బసప్ప. ఆపైన, ఓనరు చెప్పాడని తాను ఒక ముసలామె ఇంటి వైరు కోసిన సంగతి చెప్పాడు. ఎందుకు కోయమన్నాడో తెలీదు. "నా చేతులు పట్టుకునింది మల్లీ. భాష తెలీకపోయినా అర్థమయ్య. వీధిలో అందరూ వాకిండ్లలో నిలబడి చూస్తాండారు. ఒక్కరూ వద్దనలేదు." ఆ రోజు అతను అన్నం తినలేదు. విన్నాక ఆమె కూడా తినలేదు.

ఇక పల్లె సంగతి. మల్లీశ్వరి బోరుతో కలిపి ఏడు మోటార్లకు ఒకటే ట్రాన్స్‌ఫారం. బోర్లు లోతుకు పోయేకొద్దీ మోటార్లు పెద్దవయ్యాయి, ట్రాన్స్‌ఫారం మాత్రం పాతదే. పెద్దది కావాలని అడిగితే వరుసలో ఉందన్నారు. చేలకు కరెంటు పగటిపూట రెండు విడతలుగా వస్తుంది. వస్తుందని కాగితం మీద ఉంటుంది గానీ, ఏ ఘడియలో వస్తుందో వచ్చినాకే తెలుస్తుంది. అందుకని రైతులందరూ స్టార్టరుకు ఆటో అనే చిన్న డబ్బా తగిలిస్తారు. కరెంటు రాగానే మనిషి లేకపోయినా అదే మోటారును వేసేస్తుంది. ఒక్కడికైతే బంగారంలాంటి ఏర్పాటే. ఏడుగురికీ ఆటోలుంటే, కరెంటు వచ్చిన ఆ క్షణాన ఏడు మోటార్లూ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫారం పీక మీద కూర్చుంటాయి.

అలాగే ఉగాది వెళ్ళగానే అది కాలిపోయింది. బాగై వచ్చేలోగా ఆదెప్ప తోటలో సగం చెట్లు కట్టెలయ్యాయి. ఆదెప్ప ఏడుగురిలో పెద్దవాడు, పెద్ద తోటవాడు. అతనే అందరినీ ట్రాన్స్‌ఫారం దగ్గర వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు.

"పూటకు రెండే మోటార్లు ఆడల్ల. వంతు ప్రకారం. ఆటోలు అందరూ తీసేయల్ల," అన్నాడు.

బసప్ప చెప్పిన బ్రేకర్ల పెట్టె గురించి మల్లీశ్వరి చెప్పింది. అందరూ విన్నారు. చివరికి బయ్యన్న నవ్వాడు. బయ్యన్న బసప్పకు చిన్నాయన కొడుకు, ఆమె పక్క చేనువాడు.

"పెట్టె పెడ్తాము సరే. బీగం ఎవరి కాడ వదినా? మా అన్న ఆడ కూర్చున్నెట్ల నువ్వు ఈడ కూర్చుంటావా?"

అక్కడే ఆగిపోయింది. ఆదెప్ప చేతికి బీగం చెవి ఇవ్వడానికి బయ్యన్న ఒప్పుకోడు, బయ్యన్న చేతికివ్వడానికి మిగిలినవాళ్ళు ఒప్పుకోరు. మల్లీశ్వరికి కూడా, నిజం చెప్పాలంటే, ఆ పెట్టె ముందు కూర్చోవాలని లేదు. బస్రా ముసలామె గుర్తొచ్చింది. ఎటూ తేలకపోతే ఓబమ్మవ్వ పరిష్కారం చెప్పింది. ఓబమ్మ మొగుడు లేని మనిషి, ఎకరా టమాటా పెట్టుకుని ఒంటరిగా బతుకుతుంది. రోజూ గంగమ్మ రాయికి పసుపు పూయనిదే గంజి తాగదు.

"మనుషుల కాడ బీగమేంటికప్పా? గంగమ్మ కాడ పెట్టండి. ఆయమ్మను మించిన బీగముండాదా?"

ఏడు ఆటోలూ ఊడదీసి ఒక యూరియా సంచిలో వేశారు. మూతి కట్టి వేపచెట్టు కింద గంగమ్మ రాయి పక్కన పెట్టారు. ఒక్కొక్కరూ కర్పూరం ఆర్పి, గంగమ్మ సాక్షిగా తీయమని సంచి మీద చెయ్యేసి చెప్పారు. మల్లీశ్వరి ఆటో మీద దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఎర్రగా ఉంది. బిడ్డను సంతలో వదిలినట్టు దాన్ని సంచిలో వేసింది.

మొదట్లో వంతులు బ్రహ్మాండంగా నడిచాయి. ఎండలు ముదిరాక అసలు తిరకాసు బయటపడింది. మల్లీశ్వరి వంతు వచ్చిన పూట ఎక్కడో తీగ తెగి కరెంటే రాలేదు. పోయిన వంతు పోయినట్టే అన్నది అందరూ ఒప్పుకున్న మాట. మళ్ళీ తన వంతు వచ్చేదాకా కాచుకుంది. మళ్ళీ వచ్చిన పూట కూడా కరెంటు రాలేదు. ఆమె ఆదెప్ప ఇంటికి పోయి గడప దగ్గర నిలబడింది.

"మామా, ఒక్క పూట ఇప్పీండి. చెట్లు సచ్చిపోతాండాయి."

"నాకు తెలీదా అమ్మా? నావి సగం నా కండ్ల ముందరే సచ్చినాయి." ఆదెప్ప గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నీకొక పూట ఇస్తే రేపు బయ్యన్న అడుగుతాడు. ఎల్లుండి ఇంకొకడు. అంతే, అందరూ పాయె."

ఆయన చెప్పింది న్యాయమే. న్యాయం విని వచ్చి తోటలో నిలబడితే చెట్లు ఇంకా ముడుచుకుని ఉన్నాయి. ఆమె బిందెలతో నీళ్ళు మోసింది. ఊళ్ళో కొళాయి నుంచి తోటకు అరమైలు. ఒక బిందె పోస్తే చెట్టు కింద మట్టి చుయ్యిమని పీల్చేసుకుని, ఏమీ తాగనట్టు మళ్ళీ తెల్లగా చూసేది. ఆమె మొదటి వరుస దాటలేకపోయింది. ఇంతలో ఎవరి వంతులోనూ నీళ్ళు గట్టిగా రావడం లేదని, సబ్‌స్టేషన్ వాళ్ళే కరెంటు నీరసంగా వదులుతున్నారని ఊళ్ళో అనుకోవడం మొదలైంది. అందరికంటే గట్టిగా బయ్యన్నే అనేవాడు.

ఆ మధ్యాహ్నం ఊరంతా ఎండకు జడిసి తలుపులేసుకుంది. మల్లీశ్వరి తల మీద కొంగేసుకుని ట్రాన్స్‌ఫారం వైపు నడిచింది. ఎందుకు పోతోందో తనకు తెలుసు. తెలియనట్టు, గంగమ్మకు దణ్ణం పెట్టుకోవడానికన్నట్టు నడిచింది. ఒక్కసారి, ఒక్క పూట, తెల్లవారి వచ్చే కరెంటుకు తన మోటారు కాసేపు తిరిగితే చాలు. చేత్తో వేద్దామని స్టార్టరు దగ్గర కాచుకుంటే పక్క చేను బయ్యన్న కంట పడుతుంది, ఆటో అయితే దానంతట అదే వేస్తుంది. డ్రిప్పు పైపుల్లో నీళ్ళు చెట్టు మొదట్లో చుక్కలుగా దిగిపోతాయి, ఎవరికీ కనపడవు. మిగిలిన ఆరుగురూ మాట మీద ఉన్నారు కాబట్టి ట్రాన్స్‌ఫారానికి ఏమీ కాదు. ఆరుగురి నిజాయితీ చాటున తాను ఒక్కపూట దొంగతనం చేయబోతోంది. సిగ్గేసింది. నడక మాత్రం ఆగలేదు.

గంగమ్మ రాయికి పొద్దున పూసిన పసుపు పెచ్చులు లేచి ఉంది. ఆమె రాయి వైపు చూడకుండా సంచి మూతి విప్పి చెయ్యి పెట్టింది.

చేతికి రాయి తగిలింది.

ఇంకో రాయి. ఇంకోటి. ఆమె సంచిని ఎండలోకి లాగి లోపలికి చూసింది. పిడికెడు పిడికెడు రాళ్ళు, సరిగ్గా ఆటో డబ్బాల బరువుకు సరిపోయేట్టు ఏరి తెచ్చినవి. ఒకదానికి నీలం రంగు అంటుకుని ఉంది. అది సిమెంటు పెళ్ళ, ఆదెప్ప నీళ్ళ తొట్టి గోడది. ఆ నీలం రంగు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఇంకొకటి నున్నటి నల్లరాయి, విరిగిన పొత్రం ముక్క. ఆ పొత్రంతో రుబ్బిన చెనక్కాయల చట్నీ మల్లీశ్వరి చాలాసార్లు తిన్నది. ఓబమ్మవ్వ పొత్రం అది.

సంచి అడుగున, రాళ్ళ మధ్య, ఒకే ఒక్క ఆటో ఉంది. దాని మీద కుంకుమ బొట్టు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత సంచి పక్కనే కింద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ గంగమ్మకు మాట నిలబెట్టుకున్నది తానొక్కతేనా? బిందెలు మోసి నడుం విరగ్గొట్టుకున్నది ఎవరి కోసం? ఊరందరినీ కేకేసి పిలిచి ఈ సంచి బోర్లించాలనుకుంది. లేచి నోరు తెరిచింది కూడా. అప్పుడు తట్టింది. సంచిలో ఏముందో చూశానని చెప్పాలంటే, సంచిలో చెయ్యి ఎందుకు పెట్టావో చెప్పాలి. మిగిలిన ఆరుగురు కూడా ఒక్కొక్కరే ఈ ఎండలో ఇలాగే వచ్చి, ఇలాగే చెయ్యి పెట్టి, ముందు తీసినవాళ్ళ రాళ్ళు చూసి, నోరు మూసుకుని పోయి ఉంటారు.

బసప్పకు ఫోన్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి మోగలేదు.

ఆరు మోటార్లు రోజూ తెల్లవారి ఒక్కసారే లేస్తున్నాయి. ట్రాన్స్‌ఫారం మూలుగుతూ మోస్తోంది. ఇంకొకటి ఎక్కితే మోస్తుందా? మోయకపోవచ్చు. తాను పెట్టకపోయినా రేపో ఎల్లుండో ఎలాగూ పోతుంది. పోయేలోగా అందరి చెట్లూ తాగుతాయి, తన చెట్లు తప్ప. ఏం పాపం చేశాయి అవి? మనిషికి గతి లేనప్పుడు లెక్కలన్నీ తనకు అనుకూలంగానే తేలతాయి. ఆమె ఆటోను కొంగులో చుట్టుకుంది. చుట్టూ వెతికి, అరచేతిలో పట్టే తెల్లటి పలుగురాయిని ఏరుకుంది. రెండు చేతుల్లో రెండూ పెట్టి బరువు సరిచూసుకుంది. ఆ రాయిని సంచిలో వేసి మూతి కట్టింది.

"నాకు దిక్కు లేదు తల్లీ," అని గంగమ్మకు చెప్పింది. గంగమ్మ అప్పటికే ఆ మాట చాలామంది నోట విని ఉంటుంది.

మరునాడు తెల్లవారుతూనే ఆమె తోటలో, మొదటి చెట్టు దగ్గర డ్రిప్పు పైపు మీద చెయ్యేసి కూర్చుంది. కరెంటు వచ్చింది. స్టార్టరు టక్కుమంది. మోటారు గీమని మూలిగింది. పైపు వణికింది. లోపల గాలి కదిలి, గుటక వేసినట్టు శబ్దమై, చిట్టచివరికి చెట్టు మొదట్లో ఒక చుక్క మెరిసింది. ఆమె వేలితో ఆ తడిని తాకింది.

ట్రాన్స్‌ఫారం వైపు నుంచి ఢామ్మని చప్పుడు వచ్చింది. పక్షులన్నీ లేచిపోయాయి. పైపు వణుకు ఆగిపోయింది.

ఆమె పోయేసరికి ఆరుగురూ అక్కడున్నారు. కాలిన నూనె ట్రాన్స్‌ఫారం ఒంటి మీద నుంచి నల్లగా కారుతోంది. లైన్‌మన్ మద్దిలేటి మోటారు సైకిల్ మీద వచ్చి, తల పైకెత్తి చూసి, పెదవి విరిచాడు.

"ఆటోలు పెట్టినారా ఏమప్పా?"

"ల్యా అన్నా," అన్నాడు బయ్యన్న. "ఆటోలన్నీ గంగమ్మ కాడ సంచిలో ఉండాయి. ప్రమాణం చేసినాము."

మద్దిలేటి సంచిని చెవులు పట్టి ఒకసారి ఎత్తి చూశాడు. "బరువుగానే ఉండాది. అట్లైతే ఎండకే పోయింటాది," అన్నాడు. "రాసి పంపిస్తా. మీ ముందర చానా ఊర్లుండాయి వరుసలో. ఎప్పుడొస్తాదో నేను చెప్పలేను." బండెక్కి వెళ్ళిపోయాడు.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఓబమ్మ సంచికి పసుపు రాసింది, ముందర కర్పూరం వెలిగించింది. "తల్లీ, మేమేం తప్పు చేసినామో తెలీదు, కాపాడు," అంది. అందరూ సంచికి చేతులెత్తి మొక్కారు. ఇప్పుడు ఆరు కాదు, ఏడు రాళ్ళు పసుపు పూసుకుని దణ్ణాలు అందుకున్నాయి. మల్లీశ్వరి కూడా చేతులెత్తింది. ఆ చేతుల్లో ఇంకా తోట తడి ఉన్నట్టే అనిపించింది. ఆరింటిని మోసిన ట్రాన్స్‌ఫారం ఏడోదానికి కూలిందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. ఆమె ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, చాలాకాలంగా స్పీకర్ మీదనే మాట్లాడాలి. బసప్ప గొంతు అందరికీ వినపడింది, వెనక జనరేటర్ హోరు.

"మల్లీ, నిన్న ఫోన్ చేసినావు. ఈడ గొడవలో ఎత్తలేదు. తోట ఎట్లుండాది? ఓనరుకు చెప్పేసినా, వచ్చే నెల ఊరికి పోతాండా అని."

ఆమె ఆరిపోతున్న కర్పూరం వైపు చూసింది.

"రావద్దు," అంది. "ట్రాన్స్‌ఫారం కాలిపాయె. నేనే ఆటో పెట్టినా."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. బయ్యన్న ముఖంలో కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఊరట. అది ఆమె స్పష్టంగా చూసింది.

"నువ్వా వదినా!" అన్నాడు. "ఆరుమంది బతుకులు కాల్చి, ఈడొచ్చి దండం పెడ్తాండావా?"

"అయ్యో, ఎంత పని చేస్తివే," అంది ఓబమ్మ, పసుపు చేతులు గుండె మీద పెట్టుకుని.

ఆదెప్ప కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "కొత్తది వచ్చినా సరే, ఈమె వైరు మాత్రం తగిలించేది లేదు," అన్నాడు నేల చూస్తూ. "ఏమప్పా?"

"అంతే, అంతే," అన్నారు మిగిలినవాళ్ళు.

మల్లీశ్వరికి ఎప్పుడూ చూడని ఒక వీధి కళ్ళ ముందుకొచ్చింది. వాకిళ్ళలో నిలబడి చూస్తున్న మనుషులు, చేతులు పట్టుకుని బతిమాలుతున్న ముసలామె. తనకు ఆమె భాష రాదు. ఇన్నాళ్ళకు ఆమె మాట అర్థమైంది.

ఆమె సంచి మూతి విప్పి, రెండు చేతులా ఎత్తి, గంగమ్మ ముందు బోర్లించింది.

రాళ్ళు దొర్లాయి. నీలం పెళ్ళ ఆదెప్ప చెప్పు దగ్గరికి పోయి ఆగింది. పొత్రం ముక్క కర్పూరం మసిలో పడింది. బయ్యన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. ఓబమ్మవ్వ నిలబడలేక కూర్చుండిపోయి, ఆ పొత్రం ముక్కను ఒళ్ళోకి లాక్కుని, కొంగు కప్పి, వెక్కి వెక్కి ఏడ్చింది. "టమాట కాయ కాయా సచ్చిపోతాంటే చూడలేకపోతినే," అంటూనే ఉంది.

మల్లీశ్వరి వంగి తన పలుగురాయిని తీసుకుంది.

"ఇది నాది," అంది. "మీవి మీరు తీసుకోండి."

ఒక్కరూ వంగలేదు.

"మల్లీ," అన్నాడు బసప్ప ఫోన్‌లోంచి. "ఏం సద్దు అది?"

"రాళ్ళు."

ఏం రాళ్ళని అతను అడగలేదు. పగలంతా బ్రేకర్ల పెట్టె ముందు కూర్చునే మనిషికి ఆ ఒక్క మాట చాలినట్టుంది.

"చెట్లు?" అన్నాడు.

"ఒక చుక్క పడింది," అంది ఆమె. "ఒకటే."

"సరే మల్లీ," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఓనరు లోపలే ఉండాడు. పోయి చెప్తా, ఊరికి పోవడంల్యా, ఇంకా ఉంటానని."